గోస్తని దారిలో అప్ప ఇల్లు

పిల్లలూ! మీలో ఎంతమంది గుడారంలో పడుకున్నారు? స్కౌట్లలో చేరినవారు వెంటనే చేతులెత్తి ఉంటారు. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా పదవి విరమించినవాణ్ణి. బడిపిల్లల చేత ఎన్నో గుడారాలు వేయించాను. కాని సొంతవాళ్ళతో గుడారం పట్టుకుని బయలుదేరటం నాకు కిందటి డిసెంబరులోనే తటస్థించింది. ఆ ప్రయాణంలో మేము ఏమేమి చూశామో, దేన్ని చూడకుండానే వచ్చేయబోయామో మీకు చెబుతాను.

మేము ఉండేది కాకినాడలో. మా అబ్బాయి ఒక గుడారం కొన్నాడు. మడిచి పెడితే చేసంచిలో పడుతుంది, విప్పితే నలుగురు పడుకోవచ్చు. ఒక రాత్రి భీమునిపట్నం సముద్రం దగ్గర, రెండు రాత్రులు అరకులోయలో గడపాలని వాడు ఏర్పాటు చేశాడు. అందరం పటం చుట్టూ చేరాము. నేను పటం మీద వేలు పెట్టి, "ఇదిగో, ఈ రెంటికీ మధ్య మా అప్ప ఊరు ఉంది," అన్నాను. మా విజయనగరం ప్రాంతంలో అక్కను అప్ప అంటారు.

ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనుమడి ముఖం చిన్నబోయింది.

"తాతయ్యా, చుట్టాల ఇంటికి వెళితే అది క్యాంపింగు ఎలా అవుతుంది? కుర్చీలో కూర్చోబెట్టి, ఎన్ని మార్కులు వచ్చాయని అడుగుతారు," అన్నాడు.

"ఒక్క గంట ఆగుదాం నాన్నా. చీకటి పడేలోగా ఘాటు రోడ్డు ఎక్కాలి కదా," అన్నాడు మా అబ్బాయి.

నేను సరేనన్నాను. మీ దగ్గర దాపరికం దేనికి? బావగారు పోయినప్పుడు వెళ్ళి వచ్చాక, ఆరేళ్ళుగా నేను అప్ప ఇంటి గడప తొక్కలేదు. ఒకసారి వానలు, ఒకసారి మా ఇంటావిడ మోకాళ్ళ నొప్పులు, ఎప్పటికప్పుడు ఏదో ఒక సాకు దొరికేది. ప్రతి ఆదివారం ఫోనులో మాత్రం మాట్లాడుకునేవాళ్ళం. "బాగున్నావా అప్పా?" అంటే, "బాగున్నానురా తమ్ముడా," అనేది. అంతటితో నా బాధ్యత తీరిందనుకునేవాణ్ణి.

నిజానికి మా చిన్నతనంలో చుట్టాలూ బసలూ వేరువేరు కావు. అప్పను అత్తవారింట చూసి రావటానికి మా నాన్నగారు ఎద్దుబండి కట్టేవారు. దారిలో ఏ మామిడితోపులోనో ఎద్దులను విప్పి, మూడు రాళ్ళు పెట్టి వంట చేసుకునేవాళ్ళం. రాత్రి బండి కింద గడ్డి పరుచుకుని పడుకునేవాళ్ళం. తెల్లవారి మళ్ళీ బండి కట్టేవారు. ఆ రోజుల్లో చుట్టాల కోసం దారిలో బస చేశాము. ఇప్పుడు బసల కోసం బయలుదేరి, దారిలో చుట్టాలకు ఒక గంట కేటాయించాము. చూశారా, కాలం ఎంత మారిపోయిందో!

మా ఇంటావిడ ఇంటివద్దనే ఉండిపోయింది. నేను, అబ్బాయి, కోడలు, మనుమడు, మూడో తరగతి చదివే మనుమరాలు, అయిదుగురం తెల్లవారుజామున కారులో బయలుదేరాము. మధ్యాహ్నానికి విశాఖపట్నం దాటి, సముద్రపుటొడ్డున ఉన్న రోడ్డు వెంట భీమిలి చేరుకున్నాము. ఇది పాత రేవుపట్నం. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తకస్థానం ఏర్పరచుకున్నారు. వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

పిల్లలు ఇసుకలోనే గుడారం వేద్దామన్నారు. నేను తడి ఇసుక మీద గవ్వలూ నాచూ వరసగా పడి ఉన్న గీత చూపించి, "రాత్రి పోటు వచ్చినప్పుడు అలలు ఇక్కడిదాకా వస్తాయి. గుడారం వేసేముందు నీరు ఎంతవరకు వస్తుందో నేల మీద చూసుకోవాలి," అని చెప్పాను. ఒడ్డుకు దూరంగా సరుగుడు తోట ఒకటి కనిపించింది. తోటవారి అనుమతి అడిగి, గాలి వచ్చే వైపుకు వెనుకభాగం ఉండేటట్టు గుడారం నిలబెట్టాము.

తెల్లవారేసరికి మా మనుమడు, "నాన్నా! గుడారం కారిపోతోంది!" అని అరిచాడు. లోపలి గుడ్డ నిండా నీటి బొట్లు. రాత్రి వాన చినుకైనా పడలేదు. మరి ఆ నీళ్ళు ఎక్కడివి? లోపల పడుకున్నవాళ్ళ ఊపిరిలోనివే! మనం విడిచే గాలిలో నీటి ఆవిరి ఉంటుంది. చల్లబడిన గుడ్డకు తగిలేసరికి అది బొట్లుగా మారుతుంది. అందుకనే గుడారానికి పైన ఉన్న చిన్న కిటికీలు మూసివేయకూడదు.

భీమిలిలో ఒక నది సముద్రంలో కలుస్తుంది. దాని పేరు గోస్తని. గోస్తని అంటే ఆవు పొదుగు. "ఈ నది ఎక్కడ పుట్టింది తాతయ్యా?" అని మనుమరాలు అడిగింది. "అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర. మనం ఇప్పుడు ఈ నదికి ఎదురు వెళుతున్నాము. మీ అమ్మమ్మ ఊరు దీని ఒడ్డునే ఉంది," అన్నాను. మా అప్ప మా అబ్బాయికి మేనత్త. నాన్నకు మేనత్త అయితే పిల్లలకు అమ్మమ్మ వరస.

దారిలో పద్మనాభం తగిలింది. 1794 జూలై 10న విజయనగరం రాజు విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి ప్రాణం విడిచింది ఇక్కడనే. అక్కడినుంచి పొలాల మధ్యగా వెళ్ళి, పది గంటలకల్లా అప్ప ఊరు చేరాము. అది తాటిపూడి జలాశయానికి దిగువన ఉంది. 1960లలో గోస్తనికి అడ్డంగా కట్టిన ఆ జలాశయం పొలాలకూ, విశాఖపట్నానికీ కూడా నీళ్ళిస్తుంది.

అప్ప వీధి అరుగు మీద కూర్చుని ఉంది. కారు ఆగగానే లేచి, "ఎవరూ?" అన్నది. నేను, "అప్పా!" అన్నాక గాని ఆమె ముఖం వికసించలేదు. కళ్ళలో ఎండ పడుతోంది కాబోలుననుకున్నాను. పిల్లలను దగ్గరకు తీసుకుని, చెంపలూ భుజాలూ తడిమి, "ఎంతేసి అయిపోయేరర్రా!" అన్నది. ముద్దు కొద్దీ తడుముతున్నదనుకున్నాను.

తెల్లవారకముందే లేచి వంట చేసి పెట్టింది. పప్పు, ఆవ పెట్టిన అరటికాయ కూర, గుమ్మడికాయ పులుసు, ముందురోజు వండిన అరిసెలు. ఆమె కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. డబ్బు పంపుతుంటాడు. ఇంట్లో ఆమె ఒక్కతే. అయినా మా కోసం నాలుగు నవారు మంచాలు బిగించి, దుప్పట్లు ఉతికి ఉంచింది.

మా అబ్బాయి గడియారం చూసుకోవటం నా కంటపడింది. అప్పకు ఎలా తెలిసిందో, "గంటకేనా వచ్చేరు?" అన్నది. ఆ మాటలో కోపం లేదు. అందుకే ఎవ్వరికీ జవాబు తోచలేదు.

అప్పుడు మా మనుమడు, "అమ్మమ్మా, మీ పెరట్లో మా గుడారం వేసుకోవచ్చా?" అని అడిగాడు.

"వేసుకో నాయినా! ఇంత పెరడూ నీదే," అన్నది అప్ప. వాడికి క్యాంపింగూ దక్కింది, ఆమెకు చుట్టాలూ దక్కారు. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు తట్టని ఉపాయం వాడికి తట్టింది!

గుడారానికి చోటు వాడే వెతికాడు. కొబ్బరిచెట్టు నీడ బాగుందనుకుని, పైకి చూసి నాలుక కరుచుకున్నాడు. కాయ రాలితే ఏమవుతుంది? గొడ్లపాక దగ్గర దోమలు. చివరకు నూతికి దూరంగా, కాస్త మెరకగా ఉన్న చోట మేకులు దిగగొట్టాడు. అప్ప వచ్చి గుడ్డనంతా చేత్తో నిమిరి చూసి, "ఒరే తమ్ముడా, ఇది మన బండి గూడు లాగ ఉందిరా," అన్నది. నాకు నవ్వు వచ్చింది. కళ్ళు చెమర్చాయి కూడాను.

రాత్రి భోజనాలయ్యాక అందరం గుడారం ముందు చాప పరచుకుని కూర్చున్నాము. ఊరు సద్దుమణిగింది. ఆకాశం కడిగిన పలకలాగా ఉంది. నడినెత్తికి దగ్గరగా కృత్తికా నక్షత్రాలు మెరుస్తున్నాయి. వాటినే పల్లెల్లో పిల్లలకోడి అంటారు. ఒక కోడి తన పిల్లలను చుట్టూ పెట్టుకుని పడుకున్నట్టు ఉంటుంది మరి! దూరదర్శిని లోంచి చూస్తే ఆ గుంపులో వందల నక్షత్రాలున్నాయి. వాటి కాంతి మనను చేరటానికి సుమారు 440 ఏళ్ళు పడుతుంది.

నా చిన్నతనంలో పిల్లలకోడిని నాకు చూపించింది అప్పే. ఆమె దాన్ని చూసి, రాత్రి ఎంత పొద్దుపోయిందో చెప్పేది.

"అమ్మమ్మా, నాకు ఏడు కనిపిస్తున్నాయి. అన్నయ్య ఆరే అంటున్నాడు. నువ్వు లెక్కపెట్టు," అన్నది మా మనుమరాలు.

అప్ప ముఖం పైకెత్తి కాసేపు చూసింది. "ఇవాళ లెక్కకు అందవమ్మా. ఆకాశం అంతా మంచు పట్టేసింది కదూ," అన్నది.

మేము ఒకరి ముఖాలొకరు చూసుకున్నాము. ఆకాశంలో ఎక్కడా పొగమంచు లేదు.

మా మనుమడు మెల్లగా నా చెవిలో, "తాతయ్యా, మధ్యాహ్నం నాకు అన్నంలో రెండు రాళ్ళు తగిలాయి. అమ్మమ్మ ఏమైనా అనుకుంటుందని చెప్పలేదు," అన్నాడు. బియ్యంలో ఒక్క మెరిగ కూడా మిగలకుండా ఏరే మనిషి మా అప్ప! పొద్దున ఆమె "ఎవరూ?" అనటమూ, పిల్లలను తడమటమూ అన్నీ నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"ఎన్నాళ్ళనుంచి అప్పా?" అని అడిగాను.

"రెండేళ్ళవుతుంది. వయసొచ్చింది కదరా, ఇలాగే ఉంటుందనుకున్నాను. చెబితే మీరంతా పనులు మానుకుని పరిగెత్తుకొస్తారని..." అంటూ ఆగిపోయింది.

రెండేళ్ళు! అంటే వందకు పైగా ఆదివారాలు. ప్రతి ఆదివారం నేను, "బాగున్నావా?" అని అడుగుతూనే ఉన్నాను.

"అమ్మమ్మకు ఇంక కనపడదా?" అని మనుమరాలు ఏడవబోయింది. దానికి నేను చెప్పినది మీకూ చెబుతాను. నేను చదువుకునే రోజుల్లో మా ఇంట్లో కిరసనాయిలు దీపం ఉండేది. రోజంతా పని చేసి అలసిపోయినా, సాయంకాలం అయ్యేసరికి అప్ప ఆ దీపం చిమ్నీని ముగ్గుపొడితో తోమి, మెత్తని గుడ్డతో తుడిచేది. తుడవకపోతే చిమ్నీకి మసి పట్టి, దీపం వెలుగుతున్నా నా పుస్తకం మీద వెలుతురు పడేది కాదు. మన కంటిలో కూడా చిమ్నీలాగా స్వచ్ఛమైన కటకం ఒకటి ఉంది. ముసలితనంలో అది పాలలాగా మసకబారుతుంది. దానినే కంటి శుక్లం అంటారు. దీపం ఆరిపోలేదు, చిమ్నీ మాత్రం మసకబారింది. అయితే దీన్ని తుడిచి బాగుచేయలేము. వైద్యులు ఆ కటకాన్ని తీసివేసి, స్వచ్ఛమైన కృత్రిమ కటకాన్ని అమరుస్తారు. 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు మొదటిసారి ఈ పని చేశాడు. ఇప్పుడు మన పట్నాలన్నిటిలోనూ చేస్తున్నారు. అప్పకు వచ్చింది శుక్లమేనా, ఇంకేదైనానా అన్నది వైద్యులు పరీక్షించి చెప్పాలి.

తెల్లవారగానే మా మనుమడు గుడారం మడిచి కారులో పెట్టాడు. "అరకు ఎక్కడికీ పారిపోదు. ముందు విశాఖపట్నం వెళదాం," అన్నాడు. అప్ప ససేమిరా ఒప్పుకోలేదు. "రెండేళ్ళు ఆగిన కన్ను రెండు రోజులు ఆగదా? పిల్లల సరదా పాడుచేసి నేను రాను," అని గడపలో కూర్చుంది. చివరకు మా కోడలు ఒక మాట అన్నది: "అయితే మీరూ మాతో అరకు రండి పెద్దమ్మగారూ. ఒక్క రాత్రే ఉండి, అటునుంచి అటే ఆసుపత్రికి వెళదాం."

అప్ప కాసేపు ఆలోచించింది. "యాభై ఏళ్ళకు పైబడి ఈ ఏటి నీళ్ళు తాగేను. ఇది పుట్టిన చోటు ఎప్పుడూ చూడలేదురా," అని, గూట్లోంచి తాళంకప్ప తీసింది. అంతే! మేము ఆరుగురం అయ్యాము.

శృంగవరపుకోట దాటితే ఘాటు రోడ్డు మొదలవుతుంది. వంపు వంపుకూ లోయ లోతవుతుంటే పిల్లలు కిటికీల్లోంచి చూసి అప్పకు చెప్పటం మొదలుపెట్టారు. "అమ్మమ్మా, ఎత్తైన చెట్లు! వాటికి మిరియాల తీగలు పాకాయి. కింద కాఫీ మొక్కలు! ఎర్రటి పళ్ళు!" ఈ అరకులోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంతవరకు ఫోను చూస్తూ కూర్చునే మా మనుమడు, చెప్పవలసిన మనిషి పక్కన ఉండేసరికి, మాకంటె ఎక్కువ చూడసాగాడు. పిల్లలూ, ఇది నాకు కొత్త పాఠం. ఇంకొకరికి చెప్పాలనుకున్నప్పుడే మనం ఏదైనా సరిగా చూస్తాము.

బొర్రా గుహల్లోకి మెట్లు దిగాలి. అప్పను చెరొకవైపు పట్టుకుని, మొదటి మెట్ల వరస దాటించి ఒకచోట కూర్చోబెట్టాము. పైకప్పు నుంచి నీటి బొట్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని సున్నపురాతిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. ఆ నీరు గుహ కప్పునుంచి బొట్టుగా వేలాడినప్పుడు, అందులోని సున్నం కొద్దిగా అక్కడ పేరుకుంటుంది. అలా పైనుంచి ఊడల్లాంటి రాళ్ళు దిగుతాయి, కిందనుంచి స్తంభాల్లాంటివి లేస్తాయి. వేలెడు రాయి పెరగటానికే కొన్ని వందల ఏళ్ళు, ఒక్కొక్కచోట వేల ఏళ్ళు కూడా పడుతుంది. అందుకే వాటిని చేత్తో ముట్టుకోకూడదు. మన చేతి జిడ్డు అంటితే వాటి పెరుగుదల చెడిపోతుంది.

అప్ప కళ్ళు మూసుకుని వింటూ, "ఇంత చిన్న బొట్లేనా? మా ఊరొచ్చేసరికి ఎంత ఏరవుతుందో!" అన్నది.

అరకులో గుడారాలకు చోటు అద్దెకిచ్చేవారున్నారు. అప్పకూ కోడలికీ పక్కనే ఒక గది తీసుకున్నాము. భీమిలిలో ఉదయం 20 డిగ్రీలు చూపిన మా ఉష్ణమాపకం, అరకులో తెల్లవారేసరికి 11 చూపింది. ఎందుకంటారు? వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. లెక్క కట్టండి, దాదాపు ఆరు డిగ్రీలు వస్తుంది. మిగిలిన మూడూ? చల్లని గాలి బరువైనది. రాత్రి అది కొండల మీదినుంచి జారి లోయలో నిలుస్తుంది. గిన్నె అడుగున నీళ్ళు నిలిచినట్టు!

మరునాడు విశాఖపట్నంలో కంటి ఆసుపత్రికి వెళ్ళాము. రెండు కళ్ళలోనూ శుక్లాలేనన్నారు. ఇంకా ఆలస్యం చేస్తే కష్టమయ్యేదనీ, వేళకు వచ్చారనీ చెప్పారు. మొదటి కంటికి ఆపరేషను అరగంటలో ముగిసింది. అప్పను కాకినాడ తీసుకువచ్చి, రెండో కంటికీ చేయించి, అన్నీ కుదుటపడ్డాక ఇంటికి చేర్చి వచ్చాము.

ఫిబ్రవరిలో ఒక రాత్రి అప్పే ఫోను చేసింది. అది ఆదివారం కాదు. నేను కంగారుగా, "బాగున్నావా?" అన్నాను.

"బాగున్నానో లేదో నువ్వొచ్చి చూసుకో! ముందు చిన్నదాన్ని పిలు," అన్నది. మనుమరాలు ఫోను అందుకుంది. "అమ్మా, పెరట్లో నిలబడి లెక్కపెట్టేను. ఆరే ఉన్నాయి. ఆ ఏడోది ఎక్కడుందో నువ్వొచ్చి చూపించాలి," అన్నది అప్ప.

వేసవి సెలవులు ఇవ్వగానే బయలుదేరాలని గుడారం ఇప్పటినుంచే గుమ్మం దగ్గర పెట్టుకున్నారు మా పిల్లలు. వేసవిలో పిల్లలకోడి సూర్యుడి పక్కకు చేరుతుంది కనుక రాత్రిపూట కనిపించదని నేను వాళ్ళకు చెప్పలేదు. అప్పకు మాత్రం ఆ సంగతి తెలుసు. తెలిసే రమ్మన్నది.

మీరూ ఎప్పుడైనా ఊళ్ళు చూడటానికి బయలుదేరితే, పటం పరచుకుని, ఆ దారిలో మీవాళ్ళు ఎవరున్నారో మీ నాన్నగారినీ అమ్మగారినీ అడగండి. వెళ్ళినప్పుడు గంట చాలదని గుర్తుంచుకోండి. పగలు ముగిసి, చీకటి పడి, ఆకాశంలో నక్షత్రాలు వచ్చేదాకా ఉండండి.